స్టార్ వార్స్ నెగెటివ్ చేతులు మారాక

2012 అక్టోబర్ 30న స్టార్ వార్స్ అంతరిక్ష సినిమాల సృష్టికర్త జార్జ్ లూకాస్ తన లూకాస్‌ఫిల్మ్ సంస్థను డిస్నీకి అమ్ముతున్నట్లు ప్రకటించారు. ధర 405 కోట్ల డాలర్లు, సగం నగదు, సగం డిస్నీ షేర్లు. సంస్థలో నూటికి నూరు పాళ్ల వాటా లూకాస్‌దే కాబట్టి ఆ సొమ్మంతా ఒక్క మనిషికే దక్కింది. ఆ రోజు ప్రకటనలోనే ఏడో భాగం 2015లో విడుదలవుతుందన్న మాట కూడా ఉంది. అప్పటికి పూర్తి స్క్రిప్టు లేదు, దర్శకుడు ఎవరో తేలలేదు, విడుదలయ్యే సంవత్సరం మాత్రం ఖాయమైపోయింది. ఈ అమ్మకం వల్ల స్టార్ వార్స్‌కు మేలు జరిగిందా, కీడు జరిగిందా అని అభిమానులు ఇన్నేళ్లుగా వాదించుకుంటూనే ఉన్నారు. నా దృష్టిలో మేలే ఎక్కువ. అయితే ఆ మేలు డిస్నీ దేనికోసం అంత డబ్బు పోసిందో ఆ సినిమాల్లో జరగలేదు. తేదీ ముందు పెట్టుకుని కథ తర్వాత వెతుక్కున్న ప్రతిచోటా సరుకు చెడింది, పని పూర్తయ్యేదాకా డబ్బు పెట్టి ఓపిక పట్టిన చోట మాత్రం లూకాస్ కాలంలో సాధ్యం కానిది సాధ్యమైంది.

యాజమాన్యం అన్న విషయాన్ని నేను కొంత సినిమా వ్యాపారం కళ్లతో చూస్తాను, దానికి కారణం మా పెదనాన్న. విజయవాడ గాంధీనగర్‌లో డిస్ట్రిబ్యూషన్ ఆఫీసులు వరసగా ఉండే కాలంలో ఆయన వాటిలో ఒకదానిలో గుమాస్తాగా పనిచేసి, థియేటర్ల నుంచి వచ్చే డీసీఆర్‌లను, అంటే రోజువారీ వసూళ్ల నివేదికలను, చిట్టాల్లోకి ఎక్కించేవారు. డిస్నీ కొనుగోలు వార్త ఆయనకు చదివి వినిపించినప్పుడు ధర ఎంతో, హీరో ఎవరో ఆయన అడగలేదు. "నెగెటివ్ ఎవరి దగ్గరుందిరా?" అని మాత్రం అడిగారు. జిల్లా హక్కులు కొన్నవాడు కొన్నేళ్లు ఆడించుకుని వెళ్లిపోతాడనీ, సినిమా కడవరకూ ఏ రూపంలో బతుకుతుందో తేల్చేది నెగెటివ్ హక్కుదారుడేననీ ఆయన లెక్క. ఆ ప్రశ్న ఎంత పదునైనదో తరువాత వెతికి చదివితే తెలిసింది. 1977 నాటి మొదటి సినిమా పంపిణీ హక్కు శాశ్వతంగా ట్వెంటీయెత్ సెంచరీ ఫాక్స్ చేతిలోనే ఉండిపోయింది. 2012లో 405 కోట్ల డాలర్లు చెల్లించిన డిస్నీకి కూడా ఆ ఒక్క సినిమా మీద పూర్తి పెత్తనం దక్కలేదు, 2019లో 7,130 కోట్ల డాలర్లు పెట్టి ఫాక్స్‌నే కొన్నాక గాని అది చేతికి రాలేదు.

మొదటి సినిమా తీసేటప్పుడే లూకాస్ యాజమాన్యం విలువ తెలిసిన మనిషిలా బేరం ఆడారు. అంతకుముందు సినిమా బాగా ఆడడంతో దర్శకుడిగా ఎక్కువ పారితోషికం అడిగే అవకాశం ఆయనకు ఉంది. ఆయన దానిని పట్టించుకోకుండా తర్వాతి భాగాలు తీసే హక్కునూ, బొమ్మలూ దుస్తులూ వగైరా అమ్ముకునే హక్కునూ తన వద్దే ఉంచుకున్నారు. సుమారు 1.1 కోట్ల డాలర్లతో తీసిన ఆ సినిమా 1977 మే 25న అమెరికాలో 32 థియేటర్లలో మొదలైంది. ఆ క్రిస్మస్‌కు బొమ్మలు తయారు కాకపోయేసరికి కెన్నర్ కంపెనీ బొమ్మలు తర్వాత పంపుతామన్న కాగితం పెట్టి ఖాళీ డబ్బాలు అమ్మింది, జనం వాటినీ కొన్నారు. పెదనాన్నకు ఈ సంగతి చెబితే ఆయన నమ్మలేదు, బొమ్మల హక్కు అనే దానిని కాగితం మీద ఎవరు రాసుకుంటారని ఆయన సందేహం. ఆ బొమ్మల డబ్బూ, బ్యాంకు అప్పూ కలిపి లూకాస్ 1980లో రెండో సినిమాను స్టూడియో పెట్టుబడి లేకుండా సొంతంగా తీశారు. 1999, 2002, 2005లలో వచ్చిన మూడింటికీ పెట్టుబడి ఆయనదే, ఫాక్స్‌ది పంపిణీ మాత్రమే. పేరు గల అమెరికన్ దర్శకులలో ఇంత పూర్తి స్వాతంత్ర్యం అనుభవించినవారు బహు తక్కువ.

కళాకారుడే యజమాని అయితే కళ క్షేమంగా ఉంటుందని ఈ చరిత్ర చూసి అనుకోవాలనిపిస్తుంది. లూకాస్ మాత్రం ఆ అభిప్రాయానికి తానే అడ్డు నిలిచారు. 1997లో మొదటి మూడు సినిమాలకు కంప్యూటర్ హంగులు అద్ది మళ్లీ విడుదల చేసినప్పుడు, మద్యశాలలో హాన్ సోలో తనను పట్టుకోవడానికి వచ్చి ఎదుట కూర్చున్న గ్రీడోను ముందుగా కాల్చే దృశ్యాన్ని మార్చి, గ్రీడోయే ముందు కాల్చినట్లు చేశారు. ఒక తుపాకీ ఎవరిది ముందు పేలింది అన్నది చిన్న విషయంలా కనిపించినా, డబ్బు కోసం దేనికైనా తెగించే స్మగ్లర్‌గా పరిచయమైన హాన్ ఆ మార్పుతో ఆత్మరక్షణ చేసుకునే మంచివాడైపోయాడు. ఆ తర్వాత అతనిలో వచ్చే పరివర్తనకు బరువు తగ్గింది. అంతకన్నా పెద్ద అన్యాయం ఏమిటంటే, 1977లో జనం చూసిన రూపాన్ని మంచి నాణ్యతతో అమ్మడానికి లూకాస్ ఒప్పుకోలేదు, తన దృష్టిలో సవరించినదే అసలు సినిమా అన్నారు. మన మాయాబజార్‌కు 2010లో రంగులు వేసినప్పుడు నెగెటివ్ హక్కులు కొన్న హైదరాబాద్ సంస్థ మీద సణిగినవారూ ఉన్నారు, మెచ్చినవారూ ఉన్నారు. అయినా నలుపు తెలుపు మాయాబజార్ ఇంట్లో కూర్చుని ఇప్పటికీ చూసుకోవచ్చు, రంగులది వచ్చిందని పాతదాన్ని ఎవరూ బీరువాలో పెట్టి తాళం వేయలేదు. సృష్టికర్త చేతిలో ఉన్న స్టార్ వార్స్‌కే ఆ భాగ్యం లేకపోయింది.

లూకాస్ సొంత డబ్బుకు హద్దు ఉందన్నది అభిమానులు మరచిపోయే మరో సంగతి. 1999లో మొదలైన మూడు సినిమాల కథకూ, 1977లో మొదలైన మూడింటి కథకూ మధ్య కాలంలో జరిగే ఒక టెలివిజన్ ధారావాహికను ఆయన 2005లో ప్రకటించి, దానికోసం యాభై దాకా స్క్రిప్టులు రాయించారు. అనుకున్న స్థాయిలో తీయాలంటే టెలివిజన్ బడ్జెట్‌లకు అందదని తేలడంతో ఆ స్క్రిప్టులన్నీ అటకెక్కాయి. ఒక మనిషి ఎంత సంపన్నుడైనా ఇరవై ఏళ్ల ముందు ఆ ఖర్చు భరించలేకపోయాడు. ఈ వివరం గుర్తుంటే తరువాత జరిగినదాని విలువ సరిగ్గా అర్థమవుతుంది.

ఇక డిస్నీ సినిమాల సంగతికి వస్తాను. అమ్మకంతో పాటు లూకాస్ తరువాతి మూడు భాగాలకు తాను రాసుకున్న కథా సంగ్రహాలు కూడా అప్పగించారు. వాటిని పాటించి తీరాలన్న షరతు ఒప్పందంలో లేదు, డిస్నీ పాటించలేదు. తన కథలను పక్కన పెట్టారని తెలిసినప్పుడు లూకాస్ మోసపోయినట్లు భావించారని ఆనాటి డిస్నీ అధినేత బాబ్ ఐగర్ 2019లో ప్రచురించిన ఆత్మకథలో స్వయంగా రాశారు. ఆ ఒక్క వాక్యం చదివినప్పుడు అమ్మినవాడి మీద నాకు జాలి కలగలేదు. కాగితం మీద లేని మాటను నమ్ముకోవడం మొదటి సినిమాకు అంత జాగ్రత్తగా ఒప్పందం రాసుకున్న మనిషికి తగినది కాదు. నన్ను బాధించినది వేరే. లూకాస్ కథను పక్కన పెట్టడం తప్పు కాదు, దాని స్థానంలో మూడు సినిమాలకూ కలిపి ఒక కథ లేకపోవడం తప్పు.

ఏడో భాగానికి మొదట రాస్తున్న మైకెల్ ఆర్ండ్ట్ ఇంకా సమయం కావాలన్నారు. 2013 అక్టోబర్‌లో ఆయన తప్పుకోగా దర్శకుడు జె. జె. ఏబ్రమ్స్, లారెన్స్ కాస్డన్ స్క్రిప్టు చేపట్టారు. విడుదల 2015 మే నుంచి డిసెంబర్‌కు జరిగింది గాని, 2015 దాటడానికి వీల్లేదు. మన దేశంలో ఆ సినిమా లోకమంతా చూసిన వారానికి, డిసెంబర్ 25న వచ్చింది, 18న రెండు పెద్ద హిందీ సినిమాలు ఉండడమే కారణం. ప్రపంచవ్యాప్తంగా 200 కోట్ల డాలర్లు దాటి వసూలైంది, అమెరికా కెనడాల్లో 93 కోట్ల డాలర్లు దాటిన ఆ రికార్డు ఇంతవరకూ చెక్కుచెదరలేదు. ఈ ఒక్క వసూలు చూపి కొనుగోలు సార్థకమైందని డిస్నీ లెక్కల వారు అనుకుని ఉంటే తప్పు పట్టలేను. సినిమా మాత్రం 1977 నాటి కథనే కొత్త ముఖాలతో తిరిగి చెప్పింది: ఎడారి గ్రహం మీద అనామకురాలు, చిన్న రోబోలో దాచిన రహస్యం, గ్రహాలను పేల్చే ఆయుధం, చివర దాని విధ్వంసం. కథానాయిక రే తల్లిదండ్రులు ఎవరన్న ప్రశ్న లేవనెత్తి, జవాబు ఏమిటో తేల్చుకోకుండానే తరువాతి దర్శకుడికి వదిలేశారు.

2017లో వచ్చిన ఎనిమిదో భాగంలో రియాన్ జాన్సన్ ఆ ప్రశ్నకు ఇచ్చిన జవాబు నాకు ఇప్పటికీ ఇష్టం. రే తల్లిదండ్రులు ఎవరూ కారు, తాగుడు కోసం బిడ్డను అమ్ముకున్న చెత్త వ్యాపారులు. స్కైవాకర్ అనే ఒకే వంశం చుట్టూ నలభై ఏళ్లు తిరిగిన కథ ఆ ఒక్క మాటతో అందరి కథ అయింది. సినిమా చివర్లో గుర్రపుశాల వంటి చోట పనిచేసే ఒక బాలుడు చీపురు కోసం చెయ్యి చాపితే అది దానంతట అదే వచ్చి అతని చేతిలో పడుతుంది. రెప్ప వేస్తే తప్పిపోయేంత చిన్న దృశ్యం అది, ఆ శక్తి ఎవరిలోనైనా ఉండవచ్చని చెప్పడానికి అది చాలు. రెండేళ్లకే, 2019లో తొమ్మిదో భాగం వచ్చి, రే పాత చక్రవర్తి పాల్పటీన్ మనుమరాలని చెప్పింది, ఆ చీపురు పిల్లవాడి ఊసే లేదు. ముందు సినిమాను కొంతమంది ద్వేషించారని యజమాని భయపడ్డాడనే చాలామంది అంటారు. ఆ భయం ఒక్కటే కారణమని నేను అనుకోను. తొమ్మిదో భాగానికి మొదట అనుకున్న కోలిన్ ట్రెవారోను 2017 సెప్టెంబర్‌లో తప్పించారు, అంతకుముందే 2016 డిసెంబర్‌లో మొదటి సినిమా నుంచీ లేయా పాత్ర వేసిన క్యారీ ఫిషర్ మరణించారు, విడుదల 2019 మే నుంచి డిసెంబర్‌కు మాత్రమే జరిగింది. కథను మళ్లీ మొదటి నుంచి ఆలోచించవలసిన ప్రతి కారణమూ ఉండి, సమయం మాత్రం ఇవ్వని పరిస్థితిలో ఏబ్రమ్స్ తెలిసిన పాత్రలనే వెలికి తీసి పని ముగించారు. సంక్రాంతి బరిలో ఉన్నామని మూడు భాషల పోస్టర్ వేశాక క్లైమాక్స్ రాయడం మొదలుపెట్టే నిర్మాతలను చూసిన మనకు దీని గురించి ఎక్కువ వివరణ అక్కరలేదు.

2018 మేలో వచ్చిన హాన్ సోలో సినిమా కూడా ఇదే దారి. అసలు దర్శకులు ఫిల్ లార్డ్, క్రిస్ మిల్లర్‌లను చిత్రీకరణ మధ్యలో, 2017 జూన్‌లో తీసేసి రాన్ హోవర్డ్‌ను పెట్టారు. ఎనిమిదో భాగం వచ్చిన అయిదు నెలలకే విడుదల చేశారు, 40 కోట్ల డాలర్లు కూడా రాలేదు, నష్టం తెచ్చిన తొలి స్టార్ వార్స్ సినిమాగా లెక్కకు ఎక్కింది. ఆ సంవత్సరమే ఐగర్ ఒక ఇంటర్వ్యూలో, విడుదలల వేగం తన నిర్ణయమేననీ, తక్కువ కాలంలో ఎక్కువ ఇచ్చామనీ ఒప్పుకున్నారు. అయినా అలవాటు పోలేదు. 2020 డిసెంబర్‌లో ప్రకటించిన ఒక విమాన యుద్ధాల సినిమాకు 2023 డిసెంబర్ తేదీ వేసి, తరువాత క్యాలెండర్ నుంచి తొలగించారు. 2019 తర్వాత ఆరేళ్లపాటు థియేటర్లోకి కొత్త స్టార్ వార్స్ సినిమా రానేలేదు.

పుస్తకాల సంగతి చాలామంది పట్టించుకోరు గాని, కొత్త యాజమాన్యం అసలు స్వభావం నాకు అక్కడే బాగా కనబడింది. లెనిన్ సెంటర్‌లోని పాత పుస్తకాల కొట్లలో నాకు దొరికిన టిమొతీ జాన్ నవలకు అట్ట మూల విరిగి, ముందు పేజీ మీద ఎవరో ఇంజినీరింగ్ విద్యార్థి రోల్ నంబరు వేసి ఉంది. 1991లో మొదలైన ఆ నవలలే స్టార్ వార్స్ చల్లబడిన కాలంలో అభిమానులను నిలబెట్టాయి, గ్రాండ్ అడ్మిరల్ థ్రాన్ అనే శత్రువును అవే సృష్టించాయి. 2014 ఏప్రిల్‌లో లూకాస్‌ఫిల్మ్ వాటన్నిటినీ అధికారిక కథ నుంచి తొలగించి "లెజెండ్స్" అనే ముద్ర వేసింది. కొత్త సినిమాలకు చేతులు కట్టేసే వందల పుస్తకాల బరువు వద్దనుకోవడం న్యాయమే, నేను యజమానినైనా అదే చేసేవాణ్ణి. పైగా థ్రాన్‌ను 2016లో యానిమేషన్ ధారావాహికలోకి తిరిగి తెచ్చి, అతని మీద కొత్త నవల రాసే పని మళ్లీ టిమొతీ జాన్‌కే ఇచ్చారు. మర్యాదగా జరిగిన పని అది.

అలన్ డీన్ ఫోస్టర్ విషయంలో ఆ మర్యాద కనబడలేదు. మొదటి సినిమా నవలా రూపాన్ని లూకాస్ పేరు మీద రాసినవాడు ఆయనే. ఆ పుస్తకాలు అమ్ముడవుతున్నా కొనుగోలు తరువాత తనకు రాయల్టీలు ఆగిపోయాయని ఆయనా, అమెరికా సైన్స్ ఫిక్షన్ రచయితల సంఘమూ 2020 నవంబర్‌లో బహిరంగంగా చెప్పవలసి వచ్చింది. హక్కులు కొన్నాం గాని పాత బాకీలు కొనలేదన్న తీరులో డిస్నీ వాదించిందని సంఘం చెప్పింది. ఫోస్టర్ విషయం ఆ తర్వాత పరిష్కారమైంది గాని, నలుగురిలో పెట్టి అడిగితే తప్ప పరిష్కారం కాకపోవడమే నాకు నచ్చలేదు. గాంధీనగర్‌లో ఒక ఆఫీసు ఇంకొకరి చేతికి మారితే పాత ఖాతాలో రావలసినవీ, ఇవ్వవలసినవీ రెండూ కలిసే మారేవని పెదనాన్న చెబుతారు. ప్రపంచంలోకెల్లా పెద్ద వినోద సంస్థల్లో ఒకదానికి ఆ మాత్రం చిట్టా రాసుకోవడం కష్టం కాదు.

ఇంత చెప్పి కూడా మేలే ఎక్కువ అంటున్నానంటే దానికి కారణం ఒక్క ధారావాహిక, ఆండోర్. డిస్నీ ప్లస్ 2019 నవంబర్‌లో మొదలైన రోజే మాండలోరియన్ వచ్చింది. దానిలోని పచ్చ పసివాడు ఊరూరా బొమ్మై తిరిగాడు, ఆ ధారావాహిక సరదాగా ఉంది, అంతకు మించి దాని గురించి చెప్పవలసింది నాకు లేదు. ఆండోర్ వేరు. టోనీ గిల్‌రాయ్ నడిపిన ఆ ధారావాహిక 2022లో ఒక సీజన్‌గా, 2025లో మరో సీజన్‌గా 24 భాగాల్లో ముగిసింది. మొదట అయిదు సీజన్లు అనుకుని, ఆ వేగంతో తీస్తే మనుషులు అలిసిపోతారని రెండుకు కుదించారు. రెండింటికీ కలిపి డిస్నీ 65 కోట్ల డాలర్లు ఖర్చు పెట్టిందని గిల్‌రాయ్ 2025లో ఒక వేదిక మీద చెప్పారు. వెనుక తెర మీద బొమ్మలు చూపించే సాంకేతికతను వాడకుండా వీధులను నిజంగా కట్టారు. ఫెరిక్స్ అనే ఊళ్లో గంట స్తంభం మీద ఒక మనిషి ఇనుప దిమ్మెను సుత్తితో మోది పొద్దు తెలిపే దృశ్యం, ఆ దెబ్బకు ఊరు మేలుకునే తీరు, పని చేతుల తొడుగులు గోడకు వరసగా వేలాడడం చూసిన వారికి ఆ ఖర్చు ఎక్కడికి పోయిందో తెలుస్తుంది. సామ్రాజ్యపు నిఘా విభాగంలో గుమాస్తాలు పదోన్నతి కోసం దస్త్రాల మీద పోటీ పడడం, ఒక జైలులో ఖైదీలు దేనికో తెలియని యంత్ర భాగాలను వేగంగా బిగించడం వంటివి లూకాస్ ఎన్నడూ ఇంత దగ్గరగా చూపలేదు. కత్తియుద్ధాలు లేవు, స్కైవాకర్ వంశం లేదు. నియంతృత్వం కాగితాల మీద ఎలా నడుస్తుందో చెప్పే ఈ కథకు డబ్బు పెట్టినది ఒక మహా సంస్థ కావడంలో వింత ఉంది, ఆ వింతను గిల్‌రాయ్‌కు ఎవరూ గుర్తు చేయనక్కరలేదు.

లూకాస్ యాభై స్క్రిప్టులు అటకెక్కించిన చోటనే డిస్నీ 24 భాగాలు పూర్తి చేయించింది. చందాదారులను పోగుచేయాలన్న ఆత్రంలో స్ట్రీమింగ్ సంస్థలన్నీ లెక్క చూడకుండా ఖర్చు చేసిన కొద్ది కాలం ఉంది. ఆ కాలంలో గట్టి రచయిత ఒకడు ఆ డబ్బును సరిగ్గా వాడుకున్నాడు. ఆ కాలం ముగిసింది. 2024లో వచ్చిన మరో ధారావాహికను ఒకే సీజన్‌తో ఆపేశారు. ఫ్లోరిడాలో 2022 మార్చిలో తెరిచిన అంతరిక్ష నౌక హోటల్‌ను 2023 సెప్టెంబర్‌లోనే మూసేశారు. మనకైతే యజమాని మీద ఇంకో యజమాని వచ్చాడు: 2020 ఏప్రిల్‌లో డిస్నీ ప్లస్ హాట్‌స్టార్‌గా మన ఇంట్లోకి వచ్చిన వేదిక 2025 ఫిబ్రవరిలో జియోహాట్‌స్టార్ అయింది. బెంజ్ సర్కిల్ దగ్గర కాఫీ తాగుతూ దీని మీద వాదించే మా మిత్రబృందంలో సగం మంది ఆండోర్ చూడనే లేదు, వారి చందా క్రికెట్ కోసం.

లూకాస్ చేతిలోనే ఉంటే ఎలా ఉండేదన్న ప్రశ్న ఈ వాదనల్లో తప్పక వస్తుంది. నా అంచనా ప్రకారం సినిమాలు తక్కువగా, ఇంకా వింతగా ఉండేవి, మూడు భాగాలకూ ఒకే కథ మాత్రం ఉండేది. ఆండోర్ ఉండేది కాదు. ఈ రెండిటిలో ఏది కావాలంటే నేను ఆండోర్ అంటాను, తొమ్మిదో భాగాన్ని మళ్లీ చూడకుండా ఉండే స్వేచ్ఛ నాకు ఎలాగూ ఉంది.

అమ్మకం వల్ల తెరుచుకోగల తలుపు ఇంకొకటి ఉంది, అది అసలు 1977 ప్రతి. 2025 జూన్‌లో లండన్‌లోని బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ తమ వద్ద భద్రంగా ఉన్న నాటి టెక్నికలర్ ప్రింటును జనానికి చూపింది. 50 ఏళ్లు నిండే 2027లో పునరుద్ధరించిన 1977 రూపాన్నే థియేటర్లకు తెస్తామని ఆ తర్వాత లూకాస్‌ఫిల్మ్ ప్రకటించింది. పంపిణీ హక్కూ, నెగెటివూ ఒకే ఇంట్లో ఉన్న యజమాని ఇందుకు ఇతరులను అడగవలసిన అవసరం లేదు. లూకాస్ ఇవ్వనిదానిని, ఆయన నుంచి కొన్నవారు ఇవ్వగలరు. అయితే ఆ ప్రతిని రెండు వారాలు ఆడించి తిరిగి లోపల పెడితే చాలదు. స్ట్రీమింగ్‌లో సవరించిన రూపం పక్కనే దీనినీ ఉంచాలి, డిస్కుగానూ అమ్మాలి, విజయవాడలో కనీసం ఒక్క తెర మీదనైనా వేయాలి. టికెట్టుకు డబ్బు ఇవ్వడానికి మా బెంజ్ సర్కిల్ బృందంలో క్రికెట్ వారు కూడా సిద్ధంగా ఉన్నారు.